దేవిడీ వారి ఆకుపచ్చ సైకిలు

బహదూర్‌పురాలో సైకిలున్న ప్రతివాడికీ రుక్మాబాయి అంటే గురి. ఎంత వెలిసిన రంగునైనా, కొత్త పూత వెయ్యకుండానే నిగనిగలాడించేది. మొగుడు పోయి నాలుగేళ్ళయినా అతను పెట్టిన సైకిలు రంగుల దుకాణం పోనివ్వలేదు. అదే ఆమె మరిది వైకుంఠానికి కంట్లో నలుసయింది. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే వాణ్ణి పెంచిందీ, చేత కుంచె పట్టించిందీ ఈ వదినే. ఇరవై నాలుగేళ్ళొచ్చేసరికి దొరవారికి మీసాలతో పాటు అన్న దుకాణం మీద హక్కు కూడా మొలిచింది.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎండాకాలంలో ఒక పొద్దున, నవాబుగారి మహలు దేవిడీ నుంచి జమాదారు బాబురావు పాత విలాయతీ సైకిలొకటి తోసుకొచ్చాడు. ఒకప్పటి ఆకుపచ్చ, ఎండకు వెలిసి సున్నం రాసినట్టుంది.

“పెద్ద నవాబ్ సాబ్ తొక్కిన బండి. కొత్త రంగు ఎయ్యద్దు, గీ రంగే మెరవాలె. పొద్దుగూకకముందే వస్త,” అని చేతికర్ర నేలకు తాటించాడు. “ఖరాబైందనుకో, ఏ చెయ్యి చేసిందో గా చెయ్యి ఇరగ్గొడ్త.”

వట్టి బెదిరింపు కాదు. కిందటేడు దేవిడీలో అద్దం పగలగొట్టిన వడ్రంగి మళ్ళీ ఉలి పట్టలేదు.

రుక్మాబాయి సైకిలును కుంకుడు నీళ్ళతో కడిగింది. జల్లించిన బూడిదలో నూనె కలిపి, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా రుద్దింది. చచ్చిన పొర గుడ్డకంటుకుని వచ్చేకొద్దీ అడుగు నుంచి అసలు రంగు తేలింది. మధ్యాహ్నానికి ముప్పాతిక పని అయింది. మైనం అయిపోతే తేవడానికి అఫ్జల్‌గంజ్ వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి చట్రం మీది రంగు ముడతలు పడి, తోలు వొలిచినట్టు వేలాడుతోంది. పక్కనే పాత రంగు ఊడగొట్టే కాస్టిక్ సోడా కుండ. వైకుంఠం కుడిచెయ్యి నీళ్ళతొట్టిలో ముంచి పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు. అరచెయ్యంతా బొబ్బలు.

“ఏంది రా గిది!”

“జమాదారు నిన్ను ఇడిసిపెట్టడు వదినె. నీ చెయ్యి పోతే దుకాణం నాదే. మా అన్నది గద!”

రుక్మాబాయి గాలిపంపు అందుకుంది. మొదటి దెబ్బకే వాడి చెవి చిట్లింది. రెండోది పడకముందే వాడు పంపు లాక్కుని ఆమె మొహమ్మీద కొట్టాడు. పెదవి చీలి నోరంతా రక్తమైంది. ఆమె వాడి జుట్టు పట్టి తల గోడకేసి బాదింది, వాడు ఆమె కడుపులో తన్నాడు. వీధంతా మూగింది గానీ ఒక్కడూ అడ్డం రాలేదు. టికెట్టు లేని తమాషా ఎవరికి చేదు!

జనాన్ని తోసుకుంటూ బాబురావు వచ్చాడు. సైకిలు చూశాడు.

“ఎవరు చేసిన్రు?”

రుక్మాబాయికి ఒళ్ళంతా మండుతోంది. అయినా, వింటే ఎవరూ నమ్మరు గానీ, “నేనే” అనబోయింది. తన బతుకు సగం గడిచింది, వాడిదింకా మొదలవనే లేదు. పెంచిన ప్రేమకు సిగ్గూ శరమూ ఉండవు. ఆమె నోట్లోని రక్తం ఉమ్మి మాట కూడదీసుకునేలోపే వైకుంఠం అరిచాడు.

“మా వదినె చేసింది జమాదార్ సాబ్! నా కండ్లతోటి చూసిన!”

కర్ర ఆమె వైపు తిరిగింది. రుక్మాబాయి ముందుకొచ్చి వైకుంఠం మణికట్టు పట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, బొబ్బల అరచెయ్యి చూపించింది.

“సోడా పట్టిన చెయ్యి గిది. నావి గూడ చూస్కో.”

తరవాత ఆ చెయ్యి తీసుకెళ్ళి గడప రాయి మీద తనే ఆనించింది. “వద్దు వదినె, వద్దు!” అని వాడు గిలగిల్లాడాడు. కర్ర మూడుసార్లు లేచింది. మూడుసార్లూ ఆమె పట్టు సడలలేదు. మూడోసారి ఎముక విరిగిన చప్పుడు వీధిలో అందరికీ వినబడింది. బాబురావు బూతులు తిట్టుకుంటూ సైకిలు ఈడ్చుకుపోయాడు.

దీపాలు పెట్టేవేళకు రుక్మాబాయి వాడికి కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చింది. ఆమె కోపం వీసమెత్తు తగ్గలేదు. వాడి మొహం చూస్తే మళ్ళీ కొట్టాలనే ఉంది. అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసి వాడి నోటి దగ్గర పెట్టింది. వైకుంఠం మొహం తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి దించలేదు. చాలాసేపటికి, ఆకలికి ఆగలేక, వాడు నోరు తెరిచాడు.