చెప్పని పదకొండు పాఠాలు

పిల్లలు నాకు పెట్టిన పేరు తారీఖుల మాస్టారు. నాకు తెలియదనుకుంటారు గానీ ఇరవై ఆరేళ్ళుగా వింటున్నవాణ్ణి, నా చెవులేం పోలేదు. ఆ పేరు మీద నాకు కోపం కూడా లేదు. చరిత్ర చెప్పేవాడికి తారీఖే ప్రాణం. ఎవరైనా "ఎప్పుడో జరిగింది సార్" అన్నారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎప్పుడో ఏమిట్రా? ఏ రోజు? ఏ కాగితంలో ఉంది? మనుషులు మర్చిపోతారు, కోతలు కోస్తారు, కాగితం అలా కాదు, దానికి మొహమాటం లేదు అని ఏటా మొదటి క్లాసులోనే బల్ల గుద్ది మరీ చెబుతాను.

ఈ ఏడు ప్రభుత్వం కొత్త ఉత్తర్వు తెచ్చింది. ప్రభుత్వ బడుల్లో పదో తరగతికి చరిత్ర, పౌరశాస్త్రం కలిపి నూట ఇరవై పీరియడ్లు చెప్పి తీరాలి. ఒక్కటి తగ్గినా ఆ తరగతిని పబ్లిక్ పరీక్షకు పంపరు. రుజువు టీచరు డైరీ: ఏ తారీఖున ఏ పాఠం చెప్పారు, పక్కన సంతకం.

"పిల్లలకి లెక్కలు రాకపోయినా పంపుతారట, మీ హక్కులూ బాధ్యతలూ వినకపోతే పంపరట. ఇంక మిమ్మల్ని పట్టగలమా?" అన్నారు లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో. నేను కాస్త పొంగిపోయిన మాట నిజమే. ఇన్నాళ్ళూ వానొస్తే నా పీరియడ్, ఆటలపోటీ ఉంటే నా పీరియడ్, ఎవరికి ఏ అవసరమొచ్చినా నా పీరియడే తీసుకునేవారు. ఇప్పుడు తీసుకోమనండి చూద్దాం అనుకున్నాను.

డైరీ రాయడంలో మా అందరిదీ ఒకటే పద్ధతి. నెల మొదట్లో ఒక ఆదివారం కూర్చుని నెల మొత్తానికీ ముందే రాసి పారేస్తాం, సంతకాలతో సహా. ఏ రోజైనా క్లాసు జరక్కపోతే ఆ సాయంత్రం ఎర్ర పెన్నుతో ఆ వరస కొట్టేస్తాం. జరిగితే నీలం సిరా అలాగే ఉంటుంది. పై ఆఫీసువాళ్ళకీ ఈ సంగతి తెలుసు. వాళ్ళూ ఒకప్పుడు పంతుళ్ళే కదా.

ఏడాది సగంలో మా ఆవిడ పోయింది.

ఆవిడ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చుంది. రోజంతా జనానికి సమాధానాలు చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక నాకూ అదే వరస. "ఏమోయ్, చక్కెరెక్కడ?" అంటే వంటింట్లోంచి, "రెండో అర, ఎడమ పక్క, మూత బిగుతుగా ఉంటుంది. తర్వాత!" అనేది, వరసలో నా వెనక ఇంకొకడున్నట్టు. పెళ్ళైన కొత్తలో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఆ 'తర్వాత' వినడం కోసమే తెలిసినవి కూడా అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో ప్రతి వస్తువూ ఎక్కడుందో నాకు తెలుసు. పెట్టిన చోటే ఉంటుంది, ఎందుకంటే పెట్టేది నేనే, తీసేది నేనే.

పిల్లలు లేరు మాకు. మా బావమరిది వచ్చి, ఆస్పత్రి కాగితాలూ మున్సిపాలిటీ కాగితాలూ అన్నీ తనే నింపాడు. నేను అతను వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను, చదవలేదు. చదవకుండా సంతకం పెట్టడం నా జన్మలో అదొక్కసారే. పదకొండు పనిరోజులు సెలవు పెట్టాను. ఆ రోజుల్లో నా క్లాసులో డ్రాయింగ్ మాస్టారు కూర్చున్నారు, పిల్లల చేత ఏవో బొమ్మలు వేయించారు. మధ్యలో పండగ సెలవులూ కలిసి, నేను తిరిగి వెళ్ళేసరికి నెలాఖరు. కొత్త పేజీ తిప్పి, కొత్త నెల రాసుకుని, పాఠం చెప్పడం మొదలుపెట్టాను. వెనక్కి తిప్పి చూడలేదు.

బడి లేకపోతే నాకు పిచ్చెక్కేదే, ఉన్నమాట. సాయంత్రం ఇంటికెళ్ళి తలుపు తీయడమంటే భయం వేసేది. నా వయసువాడికి భయమేమిటని మీరు నవ్వచ్చు. రేడియో పెట్టుకుని దానితో తగువులాడేవాణ్ణి. ఆదివారాలైతే నోరు విప్పకుండా గడిచిపోయేవి. సోమవారం పొద్దున హాజరు పిలుస్తుంటే గొంతు బొంగురుగా వచ్చేది, గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి పిలిచేవాణ్ణి.

మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆఫీసు గుమాస్తా ఎదురొచ్చి, "మాస్టారూ, మీ డైరీలో పీరియడ్లు లెక్కపెట్టాను. ఈ వారంతో అన్నీ అయిపోయి సరిగ్గా నూట ఇరవై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మొనగాళ్ళండీ మీరు!" అన్నాడు. సంబరంగా క్లాసుకెళ్ళాను.

ఆ రోజు పాఠం పౌరహక్కులు. "నీ హక్కు ఎవరైనా లాక్కుంటే ఎక్కడికి వెళతావు?" అని అడిగాను. చివరి బెంచీవాడొకడు "ఇంటికి సార్" అన్నాడు. నవ్వులు.

"న్యాయస్థానాల పాఠం ఏమైందిరా? రెండు రోజులు గొంతు చించుకుని చెబితే ఇదా మీరు నేర్చుకుంది?"

"ఆ పాఠం చెప్పలేదు సార్," అంది ముందు బెంచీలో కళ్ళజోడు పిల్ల. నెమ్మదస్తురాలు, చదువుకునేది.

"చెప్పలేదా?"

"లేదు సార్."

ఇంక చూడండి నా ప్రతాపం. "మీ మాట కాదమ్మా, కాగితం మాట విందాం," అంటూ డైరీ తీశాను. పేజీలు వెనక్కి తిప్పాను. "ఇదిగో. ఎనిమిదో తారీఖు, మంగళవారం, రెండో పీరియడ్. న్యాయస్థానాలు, మొదటి భాగం. తొమ్మిదో తారీఖు, బుధవారం, రెండో భాగం. ఇది ఎవరి సంతకం? మా తాతదా?"

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల లేచి నిలబడింది. "ఆ రోజు మీరు బడికి రాలేదు సార్."

"ఎందుకు రాలేదూ?" అని గుడ్లురిమాను.

ఆ పిల్ల తల వంచుకుంది. ముప్ఫై నాలుగు మందీ తలలు వంచుకున్నారు, ఆ చివరి బెంచీవాడితో సహా. క్లాసంతా బల్లల వంక చూస్తోంది. నేను మళ్ళీ డైరీలోకి చూశాను. ఎనిమిది, మంగళవారం. మా ఆవిడ పోయిన రోజు.

డైరీ మూసి, "పాఠం చదువుకోండి," అని కిటికీ దగ్గరికి వెళ్ళి గంట కొట్టేదాకా బయటికి చూస్తూ నిలబడ్డాను. పసిపిల్లల చేత ఆ మాట చెప్పించబోయానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం హెడ్ మేడమ్ గదికి వెళ్ళి డైరీ ముందు పెట్టాను. విషయం విని ఆవిడ తల పట్టుకున్నారు.

"ఎవరికీ తెలియదు కదండీ. సెలవుల పుస్తకం వేరు, డైరీ వేరు, ఆ రెండూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. వదిలేయండి."

"చెప్పని పాఠానికి సంతకం ఉందండీ."

"మాస్టారూ, పదకొండు కొట్టేస్తే నూట తొమ్మిది. పిల్లలకి పరీక్ష లేదు. ఏడాది పోతుంది వాళ్ళకి. మీ నిజాయితీకి వాళ్ళనెందుకు బలి చేస్తారు?"

ఆవిడన్నదీ సబబే. నిజం చెప్పాలంటే నా నిజాయితీ కూడా అంత గొప్పదేం కాదు. ఆ నీలం వరసల్ని కొట్టేయడం నాకే ఇష్టం లేదు. ఆ డైరీలో మా ఆవిడ పోలేదు. ఆ మంగళవారం నేను మామూలుగా బడికొచ్చాను, పాఠం చెప్పాను, సాయంత్రం ఇంటికెళ్ళి చక్కెరెక్కడ అని అడిగాను. లోకంలో అలా రాసి ఉన్న కాగితం అదొక్కటే.

కానీ కళ్ళజోడు పిల్ల లేచి నిలబడి నిజం చెప్పింది, నేను కాగితం చూపించి ఆ పిల్ల నోరు మూయించబోయాను. రేపట్నుంచి ఆ క్లాసులో ఏ మొహం పెట్టుకుని పౌరుడి బాధ్యతలు చెప్పను? "ఆ పాఠాలు ఇప్పుడు చెబుతానండీ," అన్నాను. "దారి చూడండి."

మేడమ్ ఉత్తర్వు తీసి చివరి పేజీ దాకా చదివారు. దారి ఉంది. టీచరు రాని రోజులకు బదులు క్లాసులు పెట్టుకోవచ్చు, బడివేళకు ముందో తర్వాతో. దానికొక ఫారం: జరగని తారీఖు, జరగకపోవడానికి కారణం, బదులు చెప్పిన తారీఖు. ఈ నెల ఇరవై ఎనిమిది, సాయంత్రం అయిదు లోపల పై ఆఫీసుకు చేరాలి. లేదంటే ముప్ఫై నాలుగు మందికీ హాల్ టికెట్లు రావు.

మర్నాటి నుంచి పొద్దున ఎనిమిదింటికి క్లాసు. మొదటి రోజు అందరూ మొహాలు మాడ్చుకుని వచ్చారు. చివరి బెంచీవాడు ఒక చెప్పు వాడిది, ఒకటి వాళ్ళ అన్నది వేసుకొచ్చాడు. మూడో రోజుకి సర్దుకున్నారు. నాలుగో రోజు క్లాసులోనే కోర్టు పెట్టాం: కళ్ళజోడు పిల్ల జడ్జి, నేను ముద్దాయిని. నేరం, అనవసరంగా అరవడం. "ఇకమీదట ముందు వినాలి, తర్వాత అరవాలి," అని తీర్పు చెప్పింది. అపీలు చేసుకుంటానన్నాను. పై కోర్టు కూడా తనేనంది.

ఆ పదకొండు పొద్దులూ నేను బతికాను. ఏడింటికే ఇంట్లోంచి బయటపడాలి, తాళం వేసేటప్పుడు వెనక్కి తిరిగి చూసే టైముండేది కాదు. పాఠాలు అయిపోతుంటే నాకు దిగులు పట్టుకుంది. పదో రోజున కావాలనే పాఠం సాగదీశాను. లెక్కల మాస్టారు తలుపు దగ్గర నిలబడి, "అయ్యా, తొలి పీరియడ్ నాది," అని గుర్తు చేయాల్సొచ్చింది.

ఇరవై ఎనిమిదిన సాయంత్రం నాలుగింటికి ఫారం గుమాస్తాకి ఇచ్చాను. అతను చూసి వెనక్కి తోశాడు.

"కారణం గడులన్నీ ఖాళీగా ఉన్నాయి మాస్టారూ."

"సెలవు అని రాసుకోండి."

"ఎందుకు సెలవు అనే కదా గడి ఉన్నది! 'సెలవు', 'సొంత పని', ఇవి రాస్తే పైవాళ్ళు ససేమిరా ఒప్పుకోరు. కారణం స్పష్టంగా, టీచరు స్వహస్తాలతో రాయాలి. కింద రాసుంది చూడండి."

"నీకు తెలుసు కదయ్యా కారణం!"

"నాకు తెలుసు మాస్టారూ," అన్నాడు మెల్లిగా. "రాయాల్సింది మీరు. నాలుగున్నరకి టపా మనిషి వస్తాడు."

టైము నాలుగూ అయిదు. అతని బల్ల మూల కూర్చున్నాను. ముందు డైరీ తెరిచి ఎర్ర పెన్ను తీశాను. ఎనిమిదో తారీఖు వరస మీద పెన్ను పెట్టాను. అక్షరాలు చూస్తుంటే ఆ మంగళవారానికి ముందు ఆదివారం కళ్ళముందుకొచ్చింది. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని నెలంతా రాస్తున్నాను. ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏమండీ, పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది, డాక్టరుకి చూపించుకుందామా?" అంది. నేను తలెత్తలేదు. "ఆగు, ఈ నెల పూర్తి కానీ," అన్నాను. ఆవిడ ఆగింది. నేను ముప్ఫయ్యో తారీఖు దాకా రాసి, సంతకాలన్నీ పెట్టి, పెన్ను మూత పెట్టి చూసేసరికి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎవరికీ చెప్పలేదు ఈ మాట. మా బావమరిదికీ చెప్పలేదు.

పదకొండు వరసలూ కొట్టేశాను. ఫారం దగ్గరికి లాక్కుని మొదటి గడిలో నీలం పెన్నుతో రాశాను: నా భార్య చనిపోయింది. అక్షరాలు గడి దాటాయి.

గుమాస్తా చూస్తున్నాడు. గడియారం చూసి, "మిగతా పదింట్లో 'పైదే' అని రాసేయండి మాస్టారూ, సరిపోతుంది," అన్నాడు. మంచివాడు. నా కష్టం తగ్గిద్దామనే అన్నాడు.

"పైది కాదయ్యా," అన్నాను. "ఇది బుధవారం."

రెండో గడిలోనూ రాశాను, నా భార్య చనిపోయింది. మూడో గడిలోనూ. గురువారం కూడా ఆవిడ లేదు, శుక్రవారం కూడా లేదు, ఏ రోజుకా రోజు పొద్దున్నే లేచి కొత్తగా తెలుసుకోవాల్సొచ్చింది. టపా మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గుమాస్తా అతన్ని కూర్చోమని సైగ చేశాడు. నేను ఒక్కో తారీఖు చదువుకుంటూ, ఏ గడీ వదలకుండా, పదకొండుసార్లూ పూర్తిగా రాశాను.