సైకిళ్ళ పెట్టె

మా వదిన మునిసిపల్ ఆఫీసులో రవాణా విభాగం చూస్తుంది. నష్టాల్లో నడిచే మా ప్యాసింజరు రైలుకి ప్రభుత్వం ఏటా వాళ్ళ ఆఫీసు ద్వారా డబ్బిస్తుంది. ఈసారి ఆ డబ్బుతో సైకిళ్ళకి అదనంగా ఒక పెట్టె వేయించింది వదిన.

"నీకోసమే పోట్లాడి సాధించానే! ఇక సైకిలు పట్టుకుని తలుపు దగ్గర తిట్లు తినక్కర్లేదు" అంది.

పెట్టె వచ్చింది. తీసుకెళ్ళి రైలు చివర తగిలించారు. నేను దిగే స్టేషన్లో ప్లాట్‌ఫాం పొట్టిది, చివరి పెట్టె దాకా రాదు. తలుపు తీస్తే కింద కంకర. పాత పెట్టెలో సైకిళ్ళకున్న కాస్త జాగాలోనూ, కొత్తది వచ్చిందిగా అని, సీట్లు బిగించేశారు.

మొదటిరోజు దిగలేక పై స్టేషన్ దాకా పోయి, వెనక్కి తొక్కుకుంటూ వచ్చాను. అప్పటికి నేను పనిచేసే ఆసుపత్రి వంటగదిలో పొద్దుటి వడ్డన అయిపోయింది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు" అంది వంటగది చూసే పెద్దావిడ.

ఆ సాయంత్రమే వదిన దగ్గర మొత్తుకున్నాను.

"సైకిలు రాత్రిళ్ళు నువ్వు దిగే స్టేషన్లోనే వదిలేసి రారాదూ?"

"వదిలాను వదినా. మొదట సీటు పోయింది, తర్వాత చక్రం, ఆపైన సైకిలే పోయింది. ఇది రెండోది."

"ప్లాట్‌ఫాం కొలతలు రైల్వేవాళ్ళు చూసుకోవాలి. నా పని డబ్బు ఇప్పించడం వరకే."

"ఒక్కసారి వచ్చి చూడు తల్లీ!"

మర్నాడు నాతో ఆ పెట్టెలో వచ్చింది, ఇస్త్రీ చీరతో. రైలు ఆగింది. తలుపు తీసి కిందికి చూసి, "ఇదేమిటే, ఇక్కడ నేలే లేదు!" అంది.

"నిన్న సాయంత్రం నేను చెప్పిందేమిటి మరి?"

గార్డు ఈల ఊదాడు. నేను కంకరలోకి దూకేశాను. "అలా చూస్తావేం, అందించు!" అని అరిచాను. వదిన సైకిలు దించింది, చెయిను నల్లగా చీరకి రాసుకుంది. అది చూసుకుని, ఆ కంగారులో ఏడుపు మొహంతో తనూ జారుతూ దిగేసింది. రైలు కదిలిపోయింది.

"నా ఆఫీసు పై స్టేషన్ దగ్గర కదే! ఇప్పుడు నేనెలా పోను? నన్నూ ఎక్కించుకో."

వెనక సీటు వైపు చూశాను. ఆసుపత్రి దాకా అంతా ఎత్తు ఎక్కే దారి. ఇద్దరితో తొక్కితే నా ఉద్యోగం గల్లంతే.

"గంటలో ఇంకో రైలుంది. ముందు పెట్టె ఎక్కు వదినా" అని పెడల్ మీద కాలేశాను.

"మీ అన్నయ్యతో చెప్తానుండు!" వెనక నుంచి అరుస్తోంది.

"ఆఫీసులో చెప్పు!" అన్నాను, తిరిగి చూడకుండా.