ఇలగియ్యి

అయినా తనేమందని, ఏమీ అనలేదే, నిన్న కూడా అందరికీ టీ తనే చెప్పింది, ఊర్మిళక్కకు చక్కెర తక్కువ అని గుర్తుపెట్టుకుని మరీ చెప్పింది, అలాంటి మనిషి మీద ఎవరైనా యజమాని దగ్గరికెళ్లి మాకీమె వద్దు అని చెబుతారా, చెప్పారట, ఇప్పుడే కింద గల్లాపెట్టె దగ్గర విజయేందర్ సార్ ఆ మాట అన్నాడు, దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతూ, తన మొహం చూడకుండా, చూడు లోవలక్ష్మీ, ఊర్మిళ, తిరుమల్ ఇద్దరు సుత కింద డ్రెస్సుల సెక్షన్‌కి మార్చుమంటున్నరు, నీ చేతికింద చెయ్యరంట, ఆషాఢం సేల్ నడుస్తుంటె నాకీ పరేషాన్ ఏందమ్మా, సాయంత్రం దాకా చూస్త, నువ్వే మాట్లాడుకో, లేకుంటే పట్టుచీరల ఇన్‌చార్జి ఇంకొకరికిస్త, నువ్వు ఎప్పట్లెక్క కాటన్ చీరలల్ల కూసో, అంతే, అని అగరొత్తుల్ని అరటిపండుకు గుచ్చేశాడు, ఆమె సరే సార్ అంది, సరే అని ఎందుకంది, ఏం సరే, ఏదీ సరిగ్గా లేదు కదా, కాళ్లు మాత్రం మెట్లెక్కేస్తున్నాయి, జనరల్ బజార్లో ఈ షాపు మెట్లు అసలే నిటారు, సాయంత్రంలోగా ఒక మనిషి మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది, మనసేమైనా షోకేసా, అద్దంలోంచి కనబడటానికి, నా మీద కోపమా అక్కా అని అడిగితే అదేం లేదు మేడం అంటుంది, ఆ మేడం ఒకటి, ఇన్‌చార్జి అయ్యేదాకా లక్ష్మీ అని పిలిచిన నోరే, మర్నాటి నుంచి మేడం, వద్దక్కా అలా పిలవకు అంటే నవ్వింది తప్ప మానలేదు.

పైన తిరుమల్ పరుపు మీది తెల్లగుడ్డ దులుపుతున్నాడు, నమస్తే మేడం అన్నాడు, మామూలుగానే, బట్టతల తుడుచుకుంటూ, సార్‌తో చెప్పొచ్చినవాడి మొహంలా లేదే, లేకపోతే ఇలాగే ఉంటుందా, తనకి మొహాలు చదవడం రాదా, కొనేవాళ్ల మొహాలు మాత్రం ఇట్టే చదివేస్తుంది, ఈమె ఆకుపచ్చ అంటుంది గానీ మనసు వంగపండు రంగు మీదుంది అని గడప దాటకముందే చెప్పేస్తుంది, మరి రోజూ పక్కనుండే మొహాలు, ఏమో, బహుశా యాసే కారణం, అవును, అదే అయ్యుంటుంది, ఈ తిరుమల్ ఎన్నిసార్లు వెక్కిరించలేదు, కత్తెర అందించమనాలన్నా ఇలగియ్యి, టీ గ్లాసు అందుకోవాలన్నా ఇలగియ్యి, బిల్లింగ్‌లో జెరెమియా దగ్గర పెన్ను అడగాలన్నా ఇలగియ్యి, అది తన మాట, తుని వైపు మాట, ఇక్కడివాళ్లు ఇటియ్యి అంటారు, తనకి నోట్లోంచి ఇలగియ్యి అనే వస్తుంది, అందరూ పగలబడి నవ్వుతుంటే తనూ నవ్వేది, పోనీలే మన తుని మాట సికింద్రాబాద్‌లో చలామణీ అవుతోంది అని మురిసిపోయేది కూడా, వెర్రిమొహం, వాళ్లు నవ్వింది తనని చూసి, ఆంధ్రా మేడం మాకెందుకు అని, కానీ ఊర్మిళక్క అలాంటిది కాదే, బన్సీలాల్‌పేటలో పుట్టి పెరిగిన మనిషే గానీ తనని ఒక్కనాడు ఎక్కడిదానివి అని అడగలేదు, పండక్కి పిలిచి సకినాలు పెట్టింది, పోనీ ఈర్ష్యా, ఎప్పట్నుంచో పట్టు సెక్షన్‌లో ఉన్నది అక్క, ఇన్‌చార్జి అయింది తను, కడుపు మండదా, మండితే ఆ రోజు తనే డబ్బులిచ్చి అందరికీ మిర్చీలు ఎందుకు తెప్పించింది, మిర్చి కారానికి కళ్లు తుడుచుకుంటూ, మంచిగైంది లక్ష్మీ, నువ్వైతే మాకు తక్లీఫ్ ఉండది అని ఎందుకంది.

తక్లీఫ్ ఉండదంది, మరి తనేం తక్లీఫ్ పెట్టింది దేవుడా, ఎవరినైనా తిట్టిందా, ఆలస్యంగా వస్తే సార్‌తో చెప్పిందా, కొనేవాళ్లు అటూ ఇటూ అవుతున్నారు అనిపించగానే తను అక్కడుంటుంది, రెక్కలు కట్టుకుని వాలుతుంది, పరుపెక్కి కూర్చుని చీర అందుకుని కొంగు తన భుజాన వేసుకుని చూపించి, ఆ బేరం కుదిర్చి గానీ లేవదు, అంత చేసి అమ్మకం తన పేరున రాయించుకుంటుందా, లేదే, ఊర్మిళ అని రాయి జెరెమియా, తిరుమల్ అని రాయి జెరెమియా, అంటుంది, ఏ ఇన్‌చార్జి చేస్తుంది చెప్పు, సార్ కొడుకు ఆ మధ్య ఫంక్షన్ హాల్లో అందరికీ ట్రైనింగ్ పెట్టించినప్పుడు ఆ టై కట్టుకున్నాయన కూడా అదే చెప్పాడు, లీడర్ అంటే ముందుండాలి, కష్టం తన మీద వేసుకోవాలి అని, ఇంకా ఏవేవో చెప్పాడు, బోర్డు మీద గుండ్రాలు గీసి బాణాలు పెట్టాడు, ఏసీ చలికి అవి బుర్రకెక్కలేదు, ముందుండాలి అన్నది మాత్రం ఎక్కింది, తర్వాత కాగితం కప్పులిచ్చి, ఒక్కో జట్టు ఒక్కో గోపురం కట్టాలన్నాడు, ఎవరిది ఎత్తైతే వాళ్లు గెలిచినట్టు, ఓయబ్బో, ఆ రోజు తన చేతులు ఆగలేదు, అడుగున వెడల్పుగా పేర్చి, పైకి పైకి, ఊపిరి బిగపట్టి, వాళ్లదే ఎత్తైన గోపురం, అందరూ చప్పట్లు, ఫోటో కూడా తీశారు, ఆ ఫోటో ఇప్పటికీ తన ఫోన్లో ఉంది, అందులో తను గోపురం పక్కన, తిరుమల్ వెనక ఎక్కడో, ఊర్మిళక్క ఈ పక్కన, చేతిలో ఏదో పట్టుకుని, ఏం పట్టుకుందబ్బా, గుర్తు రావడం లేదు.

అక్క వచ్చింది, టిఫిన్ డబ్బా అలమర కింద పెట్టి, నమస్తే మేడం అని, తనవైపు ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పుకుంది, తెలిసిపోయింది అక్కకి, సార్ చెప్పేశాడని తెలిసిపోయింది, ఇప్పుడే అడిగేయాలి, అక్కా ఒక్క మాట అని నోరు తెరవబోతుండగానే మెట్ల మీద చప్పుడు, పొద్దున్నే పెళ్లివారు, బొల్లారం నుంచి, శ్రావణంలో ముహూర్తమట, పెళ్లికూతురు, వాళ్లమ్మ, ఒక మేనత్త, ఈ మేనత్తలున్నారే, వీళ్లు లేని పెళ్లిబేరం ఉండదు, కూర్చోకముందే ఫ్యాన్ ఇటు తిప్పమంది, ఊర్మిళక్క రండమ్మా కూసోండి అని పరుపు మీద కూర్చుని ఒక్కొక్క చీరా విప్పుతోంది, తను వెనక నిలబడింది, నిలబడి సాయంత్రం గురించి ఆలోచిస్తోంది, మళ్లీ కాటన్ చీరల్లోకి పంపేస్తే అమ్మకి ఏం చెప్పాలి, మల్కాజ్‌గిరిలో వాటా వాటా తిరిగి నా కూతురు ఇన్‌చార్జి అయింది అని చెప్పుకున్న దేముడమ్మకి, మోకాళ్ల నొప్పులతో కూడా వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాసే దేముడమ్మకి, ఈ పొద్దుటా అంతే, పప్పులోకి పోపు వేద్దామని తను గరిటె తీసింది, అంతే, వెనకనుంచి, ఏటది, ఇలగియ్యి, మాడ్సేస్తావు, నీకు రాదు, తను ఇచ్చేసింది, ఇచ్చేసి గోడకు ఆనుకుని నిలబడింది, తన అద్దె, తన పొయ్యి, తన గ్యాసుబండ, చిన్నప్పటి నుంచీ ఇదే వరస, పప్పు బాగానే ఉంటుంది, అమ్మ చేతి పప్పుకి వంక పెట్టలేం, కానీ ఆ డబ్బా మధ్యాహ్నం తెరిస్తే ఎందుకో పరాయి ఇంటి భోజనంలా ఉంటుంది, ఇదేం ఆలోచన, పెళ్లివాళ్లు కూర్చునుంటే పప్పు ఆలోచన.

ఎరుపు వద్దట, ముదురు నీలం బట్టలకు పెట్టే నీలిమందులా ఉందట, మేనత్త మూతి మూడు వంకర్లు పోతోంది, ఊర్మిళక్క ఇంకోటి విప్పింది, ఇంకోటి, పెళ్లికూతురు మాట్లాడటం లేదు, కానీ ఆ పిల్ల కళ్లు, ఇందాక విప్పి పక్కన పడేసిన ఆవపిండి రంగు చీర మీదికి పోయి పోయి వస్తున్నాయి, అక్క చూసిందా, చూడలేదు, చూసి ఉంటే ఈ గులాబీది ఎందుకు చూపిస్తుంది, అయ్యో, చేజారిపోతోంది బేరం, అమ్మాయి తల్లి గడియారం చూసుకుంది, లేచేలా ఉన్నారు, లోవలక్ష్మి చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి, మోకాలు పరుపు మీద పడింది, నోరు తెరిచింది, ఇలగి, అంతే, పూర్తిగా అననైనా లేదు, ఊర్మిళక్క వేళ్లు వదులైపోయాయి, చీర వదిలేశాయి, వెనక్కి తిరిగి చూడలేదు అక్క, కోపంగా విసరలేదు, విసుక్కోలేదు, అలవాటైన పనిలా వదిలేసి, కొంచెం పక్కకు జరిగి, ఒడిలో చేతులు పెట్టుకుంది, ఆ చేతులు, ఆ వదిలెయ్యడం, అది తనకి తెలుసు, ఈ పొద్దుటే చేసింది తను, గరిటె దగ్గర, అచ్చం అలాగే, గోడకు ఆనుకోవడం ఒక్కటే తక్కువ.

ఓరి నాయనో, ఇదా, తిరుమల్ వెక్కిరించింది తుని యాసని కాదు, అతనికి యాసతో పనేముంది, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తన నోట వాళ్లు వినేది ఆ ఒక్క మాటే, ఇలగియ్యి, నీకు రాదు అని తను ఏనాడూ అనలేదు, ఒట్టు, అననక్కర్లేకపోయింది, ఆ మిగతా సగం అమ్మ పైకి అంటుంది, తను మింగేసింది, వినేవాళ్లకి రెండూ వినబడ్డాయి, ఆ ఫోటో, ఆ ఫోటోలో ఊర్మిళక్క చేతిలో ఉన్నవి కాగితం కప్పులు, ఒకదాంట్లో ఒకటి దూర్చి దొంతరగా పట్టుకున్నవి, తను అడుగుతుందేమో అని చివరిదాకా పట్టుకునే నిలబడింది, తను అడగలేదు, సిగ్గేసింది, ఇదే ఊర్మిళక్క, తను కాటన్ చీరల నుంచి పట్టుకు వచ్చిన కొత్తలో, ఒకావిడ గద్వాల చీర మీద సవాలక్ష ప్రశ్నలు వేస్తుంటే తను బిక్కచచ్చిపోయి అక్క వైపు చూస్తే, అక్క ఏం చేసింది, ఏమీ చెయ్యలేదు, పక్కనే కూర్చుని తను విప్పిపడేసిన చీరలు మడతలు పెట్టుకుంటూ ఉంది, ఆ రోజు తనకి ఎంత ఒళ్లు మండిందో, సాయం చెయ్యదేం ఈ మనిషి అని, బేరం పోయింది, పోతే పోయిందిలే లక్ష్మీ, షురూల గిట్లనే ఉంటది అంది, ఆ తర్వాత వచ్చిన ఆవిడకి తనే అమ్మింది, ఒక్కతే, ఆ రోజు రైల్లో మల్కాజ్‌గిరి దాకా నిలబడే వెళ్లింది, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

వాళ్లు చూస్తున్నారు, మేనత్త చూస్తోంది, ఈవిడెవరు మోకాలు పెట్టి ఆగిపోయింది అని, తిరుమల్ చూస్తున్నాడు, గులాబీ చీర ఎవరి చేతిలోనూ లేకుండా పరుపు మీద ఉంది, ఇప్పుడు ఏం చెయ్యాలి, లేచిపోతే అలిగినట్టుంటుంది, ఉంటే చేతులు ఊరుకోవు, చూడక్కా నువ్వు చూడు అంది, ఆ గులాబీ చీరని ఊర్మిళక్క వైపు నెట్టి, పరుపు చివరికి జరిగి, విప్పిపడేసిన చీరల కుప్ప ఒళ్లోకి లాక్కుంది, ముదురు నీలం, ఎరుపు, ఆవపిండి రంగు, మడత పెట్టాలి, అంచుకు అంచు కలపాలి, కలవడం లేదు, కళ్లు అక్కడున్నాయి కదా, అక్కా ఆవపిండి రంగు అక్కా, పిల్ల దానివైపే చూస్తోంది అక్కా, చెప్పెయ్యనా, ఒక్క సైగ, సైగ చేస్తే తప్పేంటి, తప్పే, అదీ ఇలగియ్యే, నాలుక పళ్లకింద పెట్టుకుంది, అక్క ఇంకో ఆకుపచ్చ విప్పింది, అయ్యయ్యో, మేనత్త పెదవి విరిచింది, పోతుంది, పోతే పోతుంది, సాయంత్రం సార్‌కి ఏం చెప్పాలో మాత్రం తెలిసిపోయింది, వాళ్లకి నా మీద కోపం లేదు సార్, నేను వాళ్లకి పని మిగల్చలేదు, అంతే చెబుతుంది, కాటన్ చీరల్లో కూర్చోమంటే కూర్చుంటుంది, అమ్మకి కూడా చెప్పాలి, రేపొద్దున పోపు మాడనీ అమ్మా, ఒక్క రోజు మాడనీ, నన్నే వెయ్యనియ్యి అని, ఊర్మిళక్క ఆకుపచ్చ చీర పక్కన పెట్టింది, పెళ్లికూతురి వైపు చూసింది, కాసేపు అలాగే చూసింది, తర్వాత వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది, లక్ష్మీ, జెర గా ఆవపిండి రంగుది ఇటియ్యి అంది, లక్ష్మీ అంది, లోవలక్ష్మి ఒళ్లో సగం మడతలో ఉన్న చీరని రెండు చేతులా ఎత్తి అక్క చేతిలో పెట్టింది.