చేతికి వచ్చిన కోపం

కోడలంటే చిగుసలా ఉండాలని క్యోటో నేతవీధి అంతా మెచ్చుకునేది. పక్షవాతంతో అత్తగారు ఫుసాయె కుడిచేయి పడిపోయిన నాటినుంచి అన్నం తినిపించడం, తల దువ్వడం, మూతి తుడవడం అన్నీ ఆమే. అత్తగారు బాగున్న ఎడమచేత్తో గ్లాసు అందుకోబోయినా, "అయ్యో, నేనున్నాగా అత్తయ్యా!" అంటూ లాక్కునేది. జీవితమంతా పట్టు నడికట్లు నేసిన ఫుసాయె ఊరికే కూర్చుని కూర్చుని, మాట్లాడటం కూడా తగ్గించేసింది.

ఇంత ప్రేమలో తప్పేముందని పాఠకులు అడగవచ్చు. తప్పు ప్రేమలోనే దాక్కుని ఉంది.

ఒకరోజు, చేతికి సాధన చేయించే మిజోగుచి ఒక తొడుగు తెచ్చి ఫుసాయె కుడిచేతికి తొడిగాడు. వెండిపూత దారాలు కలిపి అల్లిన బట్ట అది. చేయి కదలకపోయినా, లోపల కండరం కాస్త ప్రయత్నిస్తే చాలు, దానికి తగిలించిన చిన్న తెరమీద గీత పైకి లేస్తుంది. ఎంతకీ లేవకపోతే ఆ చేతిమీద ఆశ వదులుకోవలసిందే.

"వేళ్లు మడవండమ్మా."

గీత లేవలేదు.

"బంతి పట్టుకున్నట్టు అనుకోండి."

అప్పుడూ లేవలేదు. చిగుసకు ఏడుపు ముంచుకొచ్చింది. అది కనబడనీయకుండా, అత్తగారు సగంలో ఆపిన మగ్గం దగ్గరకు వెళ్లి, తెగిన దారమొకటి ముడివేయసాగింది. అంతే, గీత తెర అంచుదాకా ఎగిరింది!

"ఏం చేశారమ్మా ఇప్పుడు?" మిజోగుచి అదిరిపడ్డాడు.

"నేనేం చేశాను? చేసింది అది! పట్టుదారానికి ఆ ముడేమిటే? ఉల్లిపాయల సంచీ అనుకున్నావా?" కోడలిమీద మండిపడింది ఫుసాయె.

"చిగుసగారూ, ఇంకోటి వేయండి. ఇంకా వంకరగా!"

ఆమె వేసింది.

"మా ఇంటి పరువు తీస్తోందయ్యా ఈ పిల్ల!"

గీత మళ్లీ ఎగిరింది. చిగుస ఏడుస్తూనే పకపకా నవ్వింది.

"చేయి చచ్చిపోలేదమ్మా, దానికి పని దొరకలేదంతే," అన్నాడు మిజోగుచి.

ఆనాటినుంచి కోడలు తప్పుడు ముళ్లు వేయడం, అత్త తిట్టడం, గీత ఎగరడం. చెర్రీలు పూసేనాటికి వేళ్లు వంగాయి. ఒక మధ్యాహ్నం ఫుసాయె తానే చెంచా పట్టుకుంది. సగం పులుసు చాపమీద ఒలికింది. చిగుస గుడ్డ పట్టుకుని పరుగెత్తబోయింది.

"కూర్చోవే. ఒలికితే ఒలకనీ!" అంది ఫుసాయె ముఖం వెలిగిపోతుండగా. "నీ ప్రేమకేం తక్కువలేదు తల్లీ. కానీ ఒక్కమాట గుర్తుపెట్టుకో. మంచాన పడ్డవాళ్లకు చేతకానిది చేసిపెట్టు, చేతనైంది మాత్రం లాక్కోకు."