తలుపు లేని జైలు

టేటమ్ కూడలి అనే ఊళ్లో కట్టిన దుంగల జైలుకి తలుపు లేదు. ఆ రోజుల్లో జార్జియాలో చాలా జైళ్లు అలాగే ఉండేవి. పై అంతస్తు నేలలో ఒక కంత. అందులోంచి నిచ్చెన మీద ఖైదీని కిందికి దింపి, నిచ్చెన లాగేసేవారు. ఇక వాడు పోయేదెటు?

సత్రం నడిపే వితంతువు కెజయాకి ఆ జైలు మీదే ఆశంతా. కొత్తగా ఏర్పడ్డ కౌంటీకి, అంటే జిల్లాకి, ఈ ఊరే ముఖ్యపట్టణమైతే కోర్టు పనిమీద వచ్చేవాళ్లంతా తన దగ్గరే దిగుతారు. ఏటి అవతలి మల్బరీ రేవు ఊరు ఆ హోదా ఎగరేసుకుపోతే తన పొయ్యిలో పిల్లి లేవదు. ఏ ఊరి జైలు గట్టిదో చూసి తేల్చేది కమిషనర్ గేథర్. గడువు ఆ రోజు పొద్దుగుంకేదాకానే.

గేథర్ భారీ మనిషి. అనుమానం ఇంకా భారీ. "దిగి చూస్తేగానీ చెప్పను. తర్వాత రేవు జైలు కూడా చూడాలి," అంటూ కంతలోకి దిగాడు. మూడో మెట్టు మీదే నిచ్చెన ఫెళ్లున విరిగింది. కమిషనర్‌గారు కింద గడ్డిలో కూలబడ్డారు.

జైలు కట్టిన వడ్రంగి హోసియా కంతలోకి తొంగిచూసి కెజయా వైపు తిరిగాడు. "కొంప మునిగిందక్కా. మీ అటక నిచ్చెన తేనా?"

"నోరు మూసుకో. కొత్తది చెయ్యి. తొందరేం లేదు, నున్నగా చెయ్యి."

పైకి అలా అంది గానీ కెజయాకీ భయంగానే ఉంది. కమిషనర్‌కి కోపం వస్తే అంతా గోవిందా.

"ఏమమ్మా, నన్నిక్కడే పాతేస్తారా?" అని కింది నుంచి కేక.

"అంత మాటా, అయ్యగారూ. నిచ్చెన చేయిస్తున్నాను. ఈలోగా కాస్త ఎంగిలిపడండి."

తాడు కట్టిన బుట్టలో వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, పీచుపళ్లు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం దిగాయి. తిన్నాక గేథర్ ఊరుకోలేదు. దుంగల్ని నెట్టాడు, తన్నాడు, చాకుతో గీకాడు. పెచ్చు కూడా ఊడలేదు. పొద్దు వాలింది.

"సిరా, కాగితం దించండి," అన్నాడు చివరికి. "నేనే బయటపడలేకపోయాను, దొంగవెధవలేం బయటపడతారు. ఇంకో జైలు చూసే ఓపిక నాకు లేదు."

సంతకం చేసిన కాగితం బుట్టలో పైకొచ్చింది. కెజయా దాని మీద ఇసుక చల్లి, సిరా తడి ఆరాక గౌను జేబులో దాచుకుని, స్వయంగా వెళ్లి నిచ్చెన తెచ్చింది.

ఆయాసపడుతూ పైకొచ్చిన గేథర్ దాన్ని ఎగాదిగా చూశాడు. "పాతదిలా ఉందే. ఎక్కడిది?"

"మా అటకదండీ."

"పొద్దున్నుంచీ ఉందా?"

"ఇల్లు కట్టినప్పట్నుంచీ ఉంది."

గేథర్ కోటుకి అంటిన గడ్డిపరకలు దులుపుకున్నాడు.

"ఆ పీచుపళ్ల 'పై' ఏమన్నా మిగిలిందా?"

"రాత్రికి ఇక్కడే దిగుతున్నారుగా, వేడిగా చేసిపెడతాను," అంది కెజయా. "గది అద్దె మాత్రం ముందే ఇవ్వాలండీ. ముఖ్యపట్టణం కదా."