నా వీపు మీది మాట

నేను ఒక చెక్కుని. పాతికమంది తోబుట్టువులతో ఒకే పుస్తకంలో పుట్టాను. వాళ్లంతా శుభ్రంగా బ్యాంకు చేరారు. నాకు మాత్రం ముఖం మీద అరవై వేలు, వీపు మీద ఒక మాట. ఆ మాటే నా కొంప ముంచింది.

నన్ను రాసిన చిట్టిబాబుగారు ఇళ్ల స్థలాలు అమ్ముతారు. కడియం దగ్గర నర్సరీ నడిపే వీరవేణి చేత ఎనిమిది వందల మామిడంట్లు తెప్పించి ఆ స్థలాల్లో నాటించారు. అంటు నూట ఇరవై చొప్పున తొంభై ఆరు వేలు ఇవ్వాలి. ఆవిడొచ్చి అడిగితే, "మూడొందలు చచ్చాయమ్మా, బతికినవాటికే ఇస్తా" అని పుస్తకంలోంచి నన్ను చింపి, అరవై వేలు వేసి, తిప్పి, వీపు మీద రాశారు: 'మొత్తం సొమ్ము ముట్టింది. ఇక బాకీ లేదు.' దాని కింద సంతకం పెట్టి బ్యాంకులో వేసుకోమన్నారు. ఆహా, ఎంత దయ!

వీరవేణి సంతకం పెట్టలేదు, నన్ను తిరిగివ్వనూ లేదు. ఇంటికి తెచ్చి విత్తనాల రేకు డబ్బాలో పడేసి మూత బిగించింది. నా ఆయుష్షు చూస్తే మూడే నెలలు. ఆ చీకట్లో బెండ విత్తనాల మధ్య ఊపిరాడక పడున్నాను. వాటికైనా ఎప్పుడో మొలిచే యోగం ఉంది.

బయట మాటలు వినపడేవి. నడి ఎండాకాలంలో నర్సరీ మోటారు కాలిపోయింది. మొగుడు సూరిబాబు బిందెలతో నీళ్లు మోసి మోసి నడుం పట్టేసి, "వచ్చినకాడికి పుచ్చుకోవే, ఉన్న మొక్కలు కూడా ఎండిపోతన్నాయి" అని మొత్తుకునేవాడు.

"పుచ్చుకుంటే నా చేతి అంట్లు చచ్చాయని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? రేపు నా దగ్గర ఎవడు కొంటాడు?" అనేది వీరవేణి. రోజూ మూత తీసి నన్ను చూసేది, మళ్లీ మూసేసేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడకీ అంతే, నాకూ అంతే.

ఇంక నాలుగు రోజుల్లో నా గడువు తీరుతుందనగా నన్ను కొంగున ముడేసుకుని బయల్దేరింది. "చచ్చినవి కళ్లారా చూస్తాను. నిజమైతే అక్కడే సంతకం పెట్టేస్తాను" అంది.

వెళ్లేసరికి చిట్టిబాబుగారు కారు దిగినవాళ్లకి స్థలాలు చూపిస్తున్నారు. "ఎనిమిది వందల మామిడంట్లండి! ఒక్కటంటే ఒక్కటి పోలేదు!"

వీరవేణి చుట్టూ చూసింది. ప్రతి అంటునీ ఊతకర్రకి తన పాత నీలం చీర పేలికతో కట్టడం ఆవిడ అలవాటు. వరసలన్నిటా ఆ నీలం పేలికలే, వాటి పైన ఎర్రటి లేత చిగుళ్లు. తోటమాలి చేతిలోని గునపం తను అందుకుని దగ్గరున్న అంటు చుట్టూ తవ్వడం మొదలెట్టింది.

"ఏయ్, ఏంటిది?" అన్నారు చిట్టిబాబుగారు.

"చచ్చినవి మూడొందలన్నారుగా బాబూ. చచ్చినవి మీకెందుకు? నేను పట్టుకుపోతాను."

కొనడానికొచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిట్టిబాబుగారు గబగబా కారు బానెట్ మీదే తొంభై ఆరు వేలకి కొత్త చెక్కు రాశారు. వీరవేణి ముందు దాని వీపు తిప్పి చూసుకుంది. ఖాళీగా ఉంది. అప్పుడు నన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నన్ను నలిపి, తవ్విన గోతిలోకి విసిరికొట్టారు. వీరవేణి అంటుని మళ్లీ నిలబెట్టి, మట్టి కప్పి, కాలితో అదిమి, చెంబుడు నీళ్లు పోసింది.

బ్యాంకు గడప తొక్కకుండానే నా బతుకు ఇలా తెల్లారింది. డబ్బా పోయి గొయ్యి వచ్చింది, చీకటి అదే. నా వీపు మీది సిరా తడికి కొంచెం కొంచెంగా కరుగుతోంది. నిన్న ఒక పిల్లవేరు పాకుతూ వచ్చి నాకు తగిలింది. చచ్చిన మూడొందల్లో ఒకటిట.