లోపలికి తెరుచుకునే తలుపు

గుడివాడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సూర్యప్రకాశరావు గారు అంతరిక్షానికి వెళ్లే వాహనం తయారుచేస్తున్నారని ఆయన ఉండే పామర్రులో చాలామందికి తెలుసు. రాకెట్ ఏదండీ అని ఎవరైనా నవ్వితే, "దాని సంగతి తర్వాత. ముందు మనిషి అందులో బతకాలి కదా," అనేవారు.

రైస్ మిల్లులో మూలపడిన బాయిలర్ డ్రమ్మును తెచ్చి పెరట్లో రేకుల షెడ్డు కింద పడుకోబెట్టారు. వెల్డింగ్ షాపు రాంబాబు చేత దానికి గుండ్రటి తలుపు పెట్టించారు. అది లోపలికి తెరుచుకుంటుంది. లోపలి గాలి ఒత్తిడే తలుపును చట్రానికి అదిమి ఉంచాలని ఆయన ఆలోచన. గాలి లేని ఆకాశంలో అది సరైన ఆలోచనే.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక ఉదయం ఆక్సిజన్ సిలిండరు, ఊపిరిలోంచి వచ్చే చెడు గాలిని పీల్చుకోవడానికి తట్టెడు సున్నం, ఒక టార్చిలైటు పెట్టుకుని ఆయన లోపలికి దూరారు. సాయంత్రం దాకా ఉండి చూడాలని పట్టుదల. భార్య మంగతాయారుకు ఇదేమీ ఇష్టం లేదు. ఆవిడ వంటింట్లోనే ఉండిపోయింది.

ఎండ ఎక్కేసరికి ఇనుము కాలడం మొదలుపెట్టింది. ఇక చాలనుకుని ఆయన గాలి వదిలే కుళాయి తిప్పబోతే పిడి విరిగి చేతిలోకి వచ్చింది. తలుపు లాగారు. కాళ్లు తన్నిపెట్టి మళ్లీ లాగారు. వెంట్రుకవాసి కదల్లేదు. సిలిండరు గాలి లోపలే పోగై తలుపును బిగించేసింది. కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు. బాదుదామని రెంచీ ఎత్తి, రవ్వ లేస్తుందేమోనని దించేసి, అరచేతులతో బాదసాగారు.

తాలింపు వేస్తున్న మంగతాయారు ఆ చప్పుడు విని పొయ్యి ఆర్పి పరుగెత్తింది. కబురందుకుని రాంబాబు సామాన్లతో సహా వచ్చాడు.

"మాస్టారూ, గ్యాస్ కట్టర్ తెచ్చాను. ఇప్పుడే కోసేస్తా!"

"వద్దురా!" లోపలి నుంచి కేక. "ఇక్కడంతా ఆక్సిజన్. రవ్వ పడితే కాలిపోతాను. చేతి డ్రిల్లుతో బెజ్జం పెట్టు. నీళ్లు పోస్తూ, మెల్లగా."

"బాయిలర్ రేకండీ ఇది! ఎప్పటికి తెగుతుంది?"

"గాలి కాస్త పోతే చాలు, తలుపు వచ్చేస్తుంది."

ఒత్తిడి ఇంకా పెరగకుండా ఆయన సిలిండరు కట్టేశారు. ఇక ఉన్న గాలితోనే బతకాలి. రాంబాబు డ్రిల్లు తిప్పుతుంటే మంగతాయారు చెంబుతో నీళ్లు పోస్తోంది. లోపల టార్చి వెలుగు తగ్గి ఆరిపోయింది. ఆ చీకట్లో ఆయనకు తన ఊపిరి చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు.

"మంగా, భయంగా ఉంది," అన్నారు.

పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట వినడం ఆవిడకదే మొదటిసారి.

"నేనిక్కడే ఉన్నానండీ. డ్రమ్ము మీద చెయ్యి పెట్టాను. వినిపిస్తోందా?"

జవాబు రాలేదు. రాంబాబు ఆగి ఇనుముకు చెవి ఆనించాడు.

"ఆగకు! తిప్పు!" అని ఆవిడ అరిచింది.

కాసేపటికి బెజ్జంలోంచి గాలి బుస్సుమంది. తలుపు దభీమని లోపలికి పడింది. ఇద్దరూ భుజాలు పట్టి ఆయన్ని బయటకు లాగారు. ఆయన మట్టిలో పడుకుని, నోరు తెరుచుకుని గాలి పీల్చుకున్నారు.

వానలు పడ్డాక కుళాయి మారుద్దామని ఆయన డ్రమ్ములోకి తల పెట్టారు. భుజాలు దాటగానే ఒళ్లంతా చెమటలు పట్టి వెనక్కి వచ్చేశారు.

"ఇక నావల్ల కాదు," అన్నారు వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆ మాట కోసమే మంగతాయారు ఏళ్లుగా ఎదురుచూసింది. తీరా వింటే సంతోషం కలగలేదు. ఆయన ముఖం చూడలేకపోయింది.

"మనుషులు ఎక్కనిది చెయ్యకూడదా ఏంటి?" అంది, కూర తరుగుతూనే.

ఆ చలికాలం రాంబాబుతో కలిసి ముగ్గురూ సముద్రపు ఒడ్డున ఉన్న హంసలదీవి వెళ్లారు. ఆయన చేసి ఇసుకలో నిలబెట్టిన చేతికర్రంత రాకెట్ సరుగుడు చెట్లను దాటి లేచి, వంకరగా వెళ్లి సముద్రంలో పడింది. దాని వైపు కాకుండా, తలెత్తి నిలబడ్డ భర్త వైపే చూస్తూ మంగతాయారు చప్పట్లు కొట్టింది.